పాత ఎమ్ఎక్స్-5ని ఊడదీశాక మారిన రేసు కారు ప్లాన్: ఒక కేస్ స్టడీ

కారు మొదటి తరం మాజ్డా ఎమ్ఎక్స్-5, పైకప్పు మడిచే ఓపెన్ కారు. 1990 మోడల్, 1.6 లీటర్ ఇంజిన్, ఐదు గేర్ల మాన్యువల్ బాక్స్. లోపలున్నదంతా పీకేసి, రోల్ కేజ్ (బోల్తా పడితే డ్రైవర్‌ను కాపాడే గొట్టాల పంజరం) వెల్డ్ చేయించి, ట్రాక్ మీద తిప్పుకునే తేలికైన కారు తయారుచేసుకోవాలన్నది యజమాని ఆలోచన. ఊడదీసే పని, కేజ్ పని నా చేతికి వచ్చాయి. చివరికి బాడీ మొత్తం పక్కకు పోయింది. ఇంజిన్, గేర్ బాక్స్, డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె), సస్పెన్షన్ మాత్రం మిగిలి, వాటి మీదకు గొట్టాల ఫ్రేమ్ వచ్చింది. ప్లాన్ ఇంత మారినా ఎక్కడా పని ఆగలేదంటే కారణం ఒకటే. మొదటి బోల్టు కదిలించినప్పటి నుంచీ ప్రతిదాన్నీ కొలిచి, తూచి, రాసి పెట్టుకుంటూ వచ్చాం.

ఊడదీయడాన్ని నేను తనిఖీ పనిగానే చూస్తాను. బరువు తగ్గడం దాని వెంట వచ్చే లాభం. ముప్పై ఏళ్ళు దాటిన కారు గురించి పెయింటు, మైలేజీ చెప్పేది చాలా తక్కువ. రేకు వెనక, రబ్బరు బుష్ లోపల, కార్పెట్ కింద అసలు సంగతి ఉంటుంది. అది చూడకుండా కేజ్ గొట్టాలు వంచడం మొదలుపెడితే పునాది చూడకుండా గోడ లేపినట్టే.

ఇలాంటి పనికి ఈ మోడల్‌ని చాలామంది ఎంచుకోవడానికి మంచి కారణాలున్నాయి. 1989లో అమ్మకానికి వచ్చినప్పుడు దీని బరువు వెయ్యి కిలోల లోపే. ముందు ఇంజిన్, వెనక చక్రాలకు డ్రైవ్, నాలుగు మూలలా డబుల్ విష్‌బోన్ (ప్రతి చక్రాన్నీ పైనొకటి, కిందొకటి ఆర్మ్ పట్టుకునే) సస్పెన్షన్, వెనక డిక్కీలో బ్యాటరీ. వీటన్నిటికంటే ముఖ్యమైనది గేర్ బాక్స్ తోకను డిఫరెన్షియల్‌తో కలిపే అల్యూమినియం దూలం. మాజ్డా దాన్ని పవర్ ప్లాంట్ ఫ్రేమ్ అంటుంది. ఈ కారులో గేర్ బాక్స్‌కి బాడీ మీద విడిగా మౌంటు ఉండదు. ముందు ఇంజిన్ మౌంట్లు, వెనక డిఫరెన్షియల్ మౌంట్లు, ఆ రెంటి మధ్య ఈ దూలం, అంతే. ఆ ఒక్క విషయం తర్వాత మా పనిని నిలబెట్టింది.

ఇంజిన్ నడుస్తుండగానే చేయాల్సినవి

కారు తన కాళ్ళ మీద తను నిలబడి, ఇంజిన్ స్టార్ట్ అవుతున్నంతసేపే దొరికే సమాచారం కొంత ఉంటుంది. ఒకసారి బ్యాటరీ తీసి, వైరింగ్ విప్పాక అది మళ్ళీ దొరకదు. అందుకే పానా పట్టుకునే ముందు కంప్రెషన్ పరీక్ష చేశాం. ఇంజిన్ బాగా వేడెక్కాక, నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపెట్టి, స్టార్టర్‌తో ఇంజిన్‌ని తిప్పుతూ ఒక్కో సిలిండర్ ప్రెషర్ గేజ్‌తో చూడాలి. ఈ ఇంజిన్‌లో క్యామ్ యాంగిల్ సెన్సర్ ప్లగ్ పీకితే స్పార్కూ, ఇంజెక్టర్లూ రెండూ ఆగిపోతాయి కాబట్టి పెట్రోలు చిమ్ముతుందన్న భయం ఉండదు. నాలుగు సిలిండర్ల అంకెలూ దగ్గరదగ్గరగా వచ్చాయి. విడిగా ఒక్కో అంకె ఎంత అన్నదానికంటే నాలుగింటి మధ్య తేడా ఎంత అన్నదే నాకు ముఖ్యం. గేజ్ మారితే అంకె మారుతుంది, తేడా మారదు.

తర్వాత క్రాంక్ పుల్లీ. 1991 మధ్య వరకూ వచ్చిన 1.6 ఇంజిన్లలో క్రాంక్ షాఫ్ట్ ముందు కొస పొట్టిగా ఉంటుంది. టైమింగ్ బెల్ట్ మార్చేటప్పుడు ముందు బోల్టు సరిగ్గా బిగించకపోతే కాలక్రమేణా పుల్లీని క్రాంక్‌కి పట్టి ఉంచే కీ (చిన్న లోహపు ముక్క) అరిగి, గాడి వెడల్పై, చివరికి క్రాంకే పనికిరాకుండా పోతుంది. పుల్లీ మీద నాలుగు గాళ్ళుంటే పొట్టి కొస, ఎనిమిదుంటే పొడుగు కొస అన్నది పైనుంచి గుర్తుపట్టే పద్ధతి. మాది నాలుగు గాళ్ళది. ఐడిల్‌లో పుల్లీ పక్కనుంచి టార్చి వేసి చూస్తే ఊగడం లేదు. తర్వాత బోల్టు విప్పి చూసినప్పుడు కూడా గాడి అంచులు పదునుగానే ఉన్నాయి. కొత్త కీ, కొత్త బోల్టు వేసి టార్క్ రెంచితో బిగించాం. ఇంజిన్ ఉంచుకోవచ్చన్న నిర్ణయం అక్కడే అయిపోయింది.

కారు చదునైన నేల మీద ఉన్నప్పుడే ప్రతి చక్రం మధ్య నుంచి పైన ఆర్చ్ అంచు దాకా ఎత్తు కొలిచాం. రెండు పక్కలా చక్రాల మధ్య దూరం కొలిచి, 2,265 మిల్లీమీటర్ల కంపెనీ వీల్‌బేస్‌తో పోల్చాం. పెద్ద ప్రమాదం జరిగి బాడీ వంగి ఉంటే సాధారణంగా ఇక్కడే మొదటి అనుమానం వస్తుంది. మా కారులో అలాంటిదేమీ కనిపించలేదు. కనిపించినది వేరే. ఎడమ పక్క సిల్ (తలుపు కింద పొడుగునా ఉండే రేకు పెట్టె) కింద, జాకీ పెట్టే చోట రేకు అంచు నలిగి లోపలికి పోయి ఉంది. ఎవరో జాకీ తప్పుగా పెట్టారేమో అనుకోవచ్చు. ఆ అంచు గట్టిగా ఉంటే జాకీ ఎలా పెట్టినా అంతలా నలగదు. నోట్‌బుక్‌లో ఎర్ర సిరాతో గుర్తు పెట్టాను. అప్పటి నుంచి కారును సిల్ దగ్గర ఎత్తలేదు. ముందు సబ్‌ఫ్రేమ్ (సస్పెన్షన్ ఆర్మ్‌లు బిగిసే ఉక్కు చట్రం) కింద, వెనక డిఫరెన్షియల్ కింద జాకీ వేసి, స్టాండ్లు కూడా సబ్‌ఫ్రేమ్‌లకే ఆనించాం.

ప్రమాదమైన వాటితో మొదలు

ముందు పెట్రోలు. ఇంజిన్ నడుస్తుండగా పంపుకి కరెంటు ఆపి, దానంతట అదే ఆగిపోయేదాకా ఉంచితే లైన్లో ప్రెషర్ దిగిపోతుంది. తర్వాత పైపు విప్పి, డబ్బాలోకి పెట్టి, ఇంజిన్ బేలో ఉన్న డయాగ్నోసిస్ పెట్టెలో పంపు టెర్మినల్‌నీ, ఎర్త్ టెర్మినల్‌నీ చిన్న వైరుతో కలిపి కీ ఆన్ చేస్తే కారులో ఉన్న పెట్రోలు పంపే ట్యాంకును ఖాళీ చేసి పెడుతుంది. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు ప్రమాదం. లోపల మిగిలే ఆవిరి, గాలి కలిస్తే ఒక్క నిప్పురవ్వ చాలు. ట్యాంకు దించిన వెంటనే ఆరుబయట పెట్టించాను. అది బయటికి వెళ్ళేదాకా షెడ్డులో గ్రైండర్ ప్లగ్ పెట్టనివ్వలేదు.

ఏసీ గ్యాసు విషయంలో కూడా అంతే కచ్చితంగా ఉంటాను. ఆ కాలపు కార్లలో వాడింది ఆర్-12. ఓజోన్ పొరను దెబ్బతీసే వాయువుల మీద 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. అందులో పేరున్న వాయువుల్లో ఇదీ ఒకటి. పైపు విప్పి గాల్లోకి వదిలేయడం ఎన్నో చోట్ల నేరం, ఎక్కడైనా తప్పు. రికవరీ యంత్రం ఉన్న ఏసీ మెకానిక్‌తో తీయించాకే కంప్రెసర్ జోలికి వెళ్ళాం.

స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉంది. బ్యాటరీ తీగలు రెండూ విప్పి, చాలాసేపు ఆగి, అప్పుడు తీశాం. తీసిన దాన్ని ముఖం ఒంటి వైపు తిప్పకుండా పట్టుకుని, ముఖం పైకి ఉండేలా బల్ల మీద పెట్టాలి. బోర్లా పెట్టి ఉండగా పేలితే ఆ లోహపు డబ్బా మొత్తం పైకి లేస్తుంది. పనిచేస్తుందో లేదో మల్టీమీటర్ పెట్టి చూడాలన్న కుతూహలం ఎవరికీ రాకూడదు. మీటర్ ఇచ్చే కొద్దిపాటి కరెంటు కూడా దాన్ని పేల్చవచ్చు.

ఇంకొకటి చెప్పాలి, దీన్ని చాలామంది పట్టించుకోరు. బ్రేక్ క్లీనర్ డబ్బాల్లో కొన్ని క్లోరిన్ ఉన్న ద్రావకంతో చేసినవి. దానితో కడిగిన రేకు పూర్తిగా ఆరకముందే వెల్డింగ్ ఆర్క్ తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. అది ఊపిరితిత్తులను నాశనం చేస్తుంది. వెల్డింగ్ జరిగే కారు దగ్గర ఆ రకం డబ్బా అసలు ఉండనివ్వను, క్లోరిన్ లేనిదే కొంటాను. పాత బ్రేక్ ప్యాడ్ల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి కంప్రెసర్ గాలితో ఊదడం కూడా లేదు. తడిపి, గుడ్డతో తుడవడమే.

లోపలి భాగం

సీట్లు, కన్సోల్, డ్యాష్‌బోర్డు, కార్పెట్లు తీయడంలో పెద్ద విశేషం లేదు. ఒక్క స్క్రూల గురించి చెప్తాను. జపాన్ కార్లలో ప్లస్ గుర్తు స్క్రూలు చూడటానికి మామూలు ఫిలిప్స్ లాగే ఉంటాయి, కానీ జపాన్ పారిశ్రామిక ప్రమాణం (జేఐఎస్) వేరు. ఫిలిప్స్ మొన పెట్టి తిప్పితే మొన పైకి లేచి తల అరిగిపోతుంది. తలుపు గడి పట్టుకునే స్ట్రైకర్ దగ్గరున్న పెద్ద స్క్రూలు ఇలా పాడైతే డ్రిల్లు పెట్టడం తప్ప దారి లేదు. జేఐఎస్ బిట్, సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్ ఉంటే అవి ఒక్క దెబ్బకే కదులుతాయి.

ఫ్లోరుకి అంటించిన తారు షీట్లు డ్రై ఐస్‌తో తీశాం. అది గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, దాదాపు మైనస్ 78 డిగ్రీలు. ముక్కలు పరిచి, రేకు బాగా చల్లబడి తారు పెళుసుబారేదాకా ఆగి, ప్లాస్టిక్ సుత్తితో తడితే పెద్ద పెద్ద పెచ్చులుగా లేచి వస్తుంది. హీట్ గన్‌తో గీకితే గంటలు పడుతుంది, జిగురు మిగిలిపోతుంది. కాకపోతే ఈ వాయువు గాలికంటే బరువు, కింద పేరుకుంటుంది. తలుపులన్నీ బార్లా తీసి ఉంచాలి. గుంటలో ఎవరూ ఉండకూడదు. మందపాటి తోలు చేతొడుగులు తప్పనిసరి.

ఆ పెచ్చులు లేస్తుంటే ఎడమ సీటు వెనక మూలలో ఒకటి మిగతా వాటిలా టప్‌మని విరగలేదు. మెత్తగా, తడిగా లేచింది. కింద ఫ్లోరు గోధుమ రంగులో ఉంది.

తుప్పు ఎంతవరకు వెళ్ళిందంటే

ఈ మోడల్‌లో మడిచే టాప్ మీద పడిన వాన నీళ్ళు వెనక రెండు మూలల్లోని కాలవల్లోకి దిగి, గొట్టాల గుండా బాడీ లోపలినుంచి వెనక చక్రం ముందున్న రంధ్రంలోంచి బయటికి పోవాలి. ఆకులు, మట్టి చేరి ఆ దారి మూసుకుపోతే నీళ్ళు పొంగి కార్పెట్ మీదికి, అక్కడినుంచి సిల్ లోపలికి చేరతాయి. బయటనుంచి ఏమీ కనపడదు. సన్నటి తీగ పెట్టి చూస్తే రెండు పక్కలా గొట్టాలు పూర్తిగా పూడిపోయి ఉన్నాయి.

"అన్నా, బయట రేకు బాగానే ఉంది కదా, మచ్చ కూడా లేదు" అన్నాడు యజమాని. అయస్కాంతం తెచ్చి వెనక చక్రానికి ముందు సిల్ మీద పెట్టాను. పైన తలుపు కింద గట్టిగా పట్టుకున్న అయస్కాంతం వెనక్కి జరిపే కొద్దీ వదులై, చివరి జానెడు దూరంలో జారి కిందపడింది. అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. పుట్టీ గీకి, రబ్బరు మూత తీసిన రంధ్రంలోంచి సన్న కెమెరా లోపలికి పంపాం. బయటి సిల్ వెనక భాగం ఎప్పుడో పోయింది. దాన్ని ఎవరో అతుకేసి మూశారు. లోపలి సిల్, దాని వెనకున్న బలపరిచే రేకు రెండూ పొరలు పొరలుగా విచ్చుకుని ఉన్నాయి. స్పాట్ వెల్డ్ చేసిన అంచుల్లో తుప్పు పుడితే అది ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. రెండు రేకుల మధ్య ఉబ్బి వెల్డ్‌లను పీకేస్తుంది. టేకు పిడి ఉన్న దబ్బనంతో పొడిచి చూస్తే వీల్ ఆర్చ్ మూలం దాకా లోపలికి దిగింది. కుడి పక్క కొంత నయం, అయినా అదే కథ.

మూసిన పైకప్పు ఉన్న కారులో అయితే బరువు కొంత పైకప్పు మోస్తుంది. ఓపెన్ కారులో ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపి పట్టుకునేవి రెండు సిల్‌లు, మధ్యలో గేర్ బాక్స్ మీదుగా పోయే టన్నెల్ మాత్రమే. మేం వేయాలనుకున్న కేజ్‌లో మెయిన్ హూప్ (డ్రైవర్ వెనక ఉండే పెద్ద వంపు గొట్టం) పాదాలు పడేది సరిగ్గా ఈ కుళ్ళిన చోటనే. మోటార్ రేసుల అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఐఏ నిబంధనల్లో అపెండిక్స్ జె, 253వ ఆర్టికల్ ప్రకారం మెయిన్ హూప్‌కి కోల్డ్ డ్రాన్ అతుకుల్లేని కార్బన్ స్టీలు గొట్టం వాడాలి. అది 45 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. మందం గానీ, 50 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం గానీ ఉండాలి. పాదం కింద కనీసం 3 మి.మీ. మందం, 120 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం ఉన్న ప్లేటు బాడీకి వెల్డ్ చేయాలి. గొట్టం ఎంత మంచిదైనా, ప్లేటు ఎంత మందమైనా, అది అతుక్కునే రేకు గట్టిగా ఉంటేనే కారు బోల్తా పడినప్పుడు ఆ బలం ఎటైనా వెళ్తుంది. లేకపోతే హూప్ ఫ్లోరును చీల్చుకుని కిందికి దిగుతుంది, డ్రైవర్ తల కంటే పైన ఉండాల్సిన గొట్టం తలకు సమానమవుతుంది.

సిల్‌లు కోసి కొత్తవి వేయలేమా అంటే వేయవచ్చు. తలుపు చోట్ల అడ్డకడ్డీలు వెల్డ్ చేసి, బాడీ కుంగకుండా జిగ్ (భాగాలను కదలకుండా పట్టే చట్రం) మీద నిలిపి, ఒక్కో పక్కా మూడు పొరలు మార్చాలి. రోడ్డు కారు అయితే నేను ఆ పనే చెప్పేవాణ్ణి. బాగున్న ఇంకో షెల్ (ఉత్త బాడీ) వెతకడం రెండో దారి. మూడోది బాడీ వదిలేసి ఫ్రేమ్ కట్టడం. ఈ కారు రోడ్డెక్కే పని లేదు, యజమానికి తలుపులు, అద్దాలు, టాప్ ఏవీ అక్కర్లేదు. ఎక్సోసెట్ పేరుతో దొరికే కిట్ కారు సరిగ్గా ఇదే పద్ధతిలో ఎమ్ఎక్స్-5 అవయవాల మీద గొట్టాల బాడీ పెడుతుంది కాబట్టి ఆలోచన సాధ్యమేనని ముందే రుజువై ఉంది. ఒక నష్టం మాత్రం ఉంది, దాన్ని యజమానికి అప్పుడే స్పష్టంగా చెప్పాను. ఉత్పత్తి కార్ల తరగతుల్లో ఇలాంటి ఫ్రేమ్‌ని ఒప్పుకోరు. స్పెషల్స్ తరగతి ఉన్న పోటీలు, ట్రాక్ డేలు మాత్రమే మిగులుతాయి. దిగాలనుకున్న పోటీ నిబంధనలు ముందు చదివి, నిర్వాహకులను అడిగి రమ్మన్నాను. చదివి, అడిగి వచ్చాకే మూడో దారి ఖాయం చేశాం.

బాడీ లేవకముందు తీసిన కొలతలు

ఈ కేసు మొత్తంలో నేను ఎక్కువ సమయం ఇచ్చింది ఇక్కడే. సబ్‌ఫ్రేమ్‌లు బాడీకి బిగిసే రంధ్రాలు ఎక్కడున్నాయో, డ్యాంపర్ (షాక్ అబ్సార్బర్) పై కొసలు ఎక్కడ ఆనుతున్నాయో, స్టీరింగ్ కాలమ్ ఏ కోణంలో దిగుతోందో, పెడళ్ళు, సీటు ఎక్కడున్నాయో, ఇవన్నీ చెప్పగలిగింది ఆ కుళ్ళిన బాడీ ఒక్కటే. దాన్ని ఎత్తేశాక ఎవర్నీ అడగడానికి ఉండదు.

నేల మీద మందపాటి ప్లైవుడ్ పరిచి, రసమట్టంతో సరిచూసి, కింద పలకలు పెట్టి మట్టం చేశాం. కారును దానిపైన స్టాండ్ల మీద ముందూ వెనకా, అటూ ఇటూ సమంగా నిలిపాం. ప్రతి బిందువు నుంచి దారానికి గుండు కట్టి వదిలి, ప్లైవుడ్ మీద మొన తాకిన చోట సన్న మేకుతో గుర్తు పెట్టాం. గుండు ఊగకుండా కింద చిన్న డబ్బాలో నూనె పోసి అందులో ముంచి, ఊపు ఆగాక డబ్బా తీసి గుర్తు పెడితే గుర్తు కచ్చితంగా పడుతుంది. ఎత్తులు లేజర్ మట్టంతో, ఉక్కు స్కేలుతో తీశాం. కారు మధ్యరేఖ గీశాక ప్రతి బిందువుకీ ముందు సబ్‌ఫ్రేమ్ రంధ్రం నుంచి దూరం, మధ్యరేఖ నుంచి దూరం, ఎత్తు అని మూడు అంకెలు వచ్చాయి. ఆ మూడు అంకెలతో ఆగకుండా, ఒక్కో బిందువుకీ మరో రెండు తెలిసిన బిందువుల నుంచి దూరం కూడా కొలిచాం. ఎక్కడైనా టేపు మెలిపడి ఉంటే ఈ అదనపు కొలత పట్టిస్తుంది.

ముందు, వెనక సబ్‌ఫ్రేమ్‌ల మధ్య రెండు కర్ణాలు కొలిస్తే తేడా 2 మి.మీ. లోపే వచ్చింది. అంటే సిల్‌లు కుళ్ళినా షెల్ ఇంకా మెలి తిరగలేదు, తీసిన కొలతల్ని నమ్మవచ్చు. ఒకవేళ తేడా పెద్దగా ఉండి ఉంటే ఈ కొలతలు పక్కనపెట్టి, కంపెనీ బాడీ కొలతల పట్టిక మీద ఆధారపడేవాళ్ళం.

మొరాయించిన బోల్టులు

వెనక కింది ఆర్మ్‌ల బోల్టులే ఈ మోడల్‌లో పేరు పడ్డ సమస్య. చక్రాల అలైన్‌మెంట్ సరిచేసేందుకు వాటికి క్యామ్ పలకలుంటాయి. ఏళ్ళ తరబడి కదలకపోతే బోల్టు బుష్ లోపలి ఉక్కు గొట్టానికి తుప్పుతో అతుక్కుపోతుంది. నట్టు విప్పుకుంటుంది, బోల్టు మాత్రం తిరగదు. గట్టిగా తిప్పితే రబ్బరు మెలిపడి వెనక్కి లాగుతుంది.

విప్పేముందు ప్రతి క్యామ్ పలక ఏ గీత దగ్గరుందో తెల్ల పెయింటుతో గుర్తు పెట్టి ఫొటో తీశాం. అలైన్‌మెంట్ ఎలాగూ మళ్ళీ చేయాల్సిందే కదా, ఈ గుర్తులెందుకని మా కుర్రాడు అడిగాడు. ఎడమ క్యామ్ మధ్యలో ఉండి, కుడిది చివరి గీత దాకా వెళ్ళి ఉంటే కుడి పక్క ఏదో వంగిందని, వంకరను క్యామ్‌తో సర్దారని అర్థం. వంగింది ఆర్మా, సబ్‌ఫ్రేమా, చక్రాన్ని పట్టుకునే నకిల్ ముక్కా అన్నది వెతకాలి. మా కారులో రెండు పక్కలా క్యామ్‌లు మధ్యకు దగ్గరగానే ఉన్నాయి. అంటే సబ్‌ఫ్రేమ్ తిన్నగా ఉంది, కొత్త ఫ్రేమ్‌కి దాన్ని నిశ్చింతగా వాడుకోవచ్చు.

తీయడానికి ముందు చొచ్చుకుపోయే నూనె పోసి, రాత్రంతా నానబెట్టాం. కొన్ని కదిలాయి. మిగతావాటికి ఇండక్షన్ హీటర్ చుట్ట తొడిగి ఎర్రబడే దాకా వేడి చేసి, చల్లారుతున్నప్పుడు మళ్ళీ నూనె పోసి, విప్పే ముందు కొంచెం బిగించే వైపు కదిలించాం. బిగించే వైపు ఒక్క చిన్న కదలికతో తుప్పు పగులుతుంది. రెండు మాత్రం ఏం చేసినా లొంగలేదు. వాటిని బుష్‌కీ బ్రాకెట్‌కీ మధ్య సందులో సన్న బ్లేడు పెట్టి రెండు పక్కలా కోసేశాం. బుష్‌లు ఎలాగూ మార్చేవే, ఆర్మ్, బ్రాకెట్ దెబ్బతినకుండా ఉంటే చాలు. గ్యాస్ మంట పెట్టలేదు. రబ్బరు కాలిన పొగ పీల్చడానికి మంచిది కాదు, పక్కనే బ్రేక్ పైపులు కూడా ఉన్నాయి.

తీసిన ప్రతి బోల్టూ వీలైతే దాని రంధ్రంలోకే తిరిగి వేళ్ళతో ఎక్కించి ఉంచాం. వీలుకాని చోట జిప్ కవర్లో వేసి, ఎక్కడిది, ఏ వైపు నుంచి దూరింది, వాషర్ ఏ వరసలో ఉంది అని రాశాం. నెలల తర్వాత కవరు తెరిచేవాడికి "సస్పెన్షన్ బోల్టులు" అన్న చీటీ వల్ల ఉపయోగం లేదు.

వైరింగ్

కత్తెర ముట్టుకోనివ్వలేదు. ముందు కనెక్టర్లన్నిటికీ చీటీలు కట్టి, ఫొటోలు తీసి, వైర్ల కట్టను మొత్తంగా బయటికి లాగి, బల్ల మీద కారు ఆకారంలోనే పరిచాక టేపు విప్పాం. ఇంజిన్ నడవడానికి కావలసినవి వరుసగా గుర్తించాం: కంప్యూటర్, మెయిన్ రిలే, పంపు రిలే, క్యామ్ యాంగిల్ సెన్సర్, ఎయిర్ ఫ్లో మీటర్, థ్రాటిల్ స్విచ్, వేడి సెన్సర్, ఆక్సిజన్ సెన్సర్, ఇంజెక్టర్లు, ఐడిల్ వాల్వు, ఇగ్నైటర్, కాయిల్స్. ఈ 1.6లో పంపును నడిపే స్విచ్ ఎయిర్ ఫ్లో మీటర్ లోపలే ఉంటుంది. లోపలి రెక్క గాలికి కదిలితేనే పంపు తిరుగుతుంది. మీటర్ తీసేసి వేరే కంప్యూటర్ పెట్టేవాళ్ళు ఇది మర్చిపోతే ఇంజిన్ ఒక క్షణం అంటుకుని ఆగిపోతుంది, కారణం కోసం రోజులు వెతుకుతారు.

మిగతా తీగలను ఒక్కోటీ కొస నుంచి కొసకు వెతికి తీసేశాం. ఎర్త్‌ల విషయంలో జాగ్రత్త పడ్డాం. అసలు కారులో బాడీ మొత్తం ఎర్త్ తీగలా పనిచేస్తుంది. పెయింటు వేసిన గొట్టాల ఫ్రేమ్‌లో ఆ నమ్మకం పనికిరాదు. ఇంజిన్ నుంచి, కంప్యూటర్ నుంచి, పంపు నుంచి విడివిడిగా ఎర్త్ తీగలు ఒకే స్తంభానికి తెచ్చి, అక్కడినుంచి బ్యాటరీకి వేశాం.

బాడీ లేచింది

స్టీరింగ్ షాఫ్ట్ పించ్ బోల్టు, క్లచ్, బ్రేక్ పైపులు, హ్యాండ్‌బ్రేక్ తీగలు, స్పీడోమీటర్ కేబుల్, హీటర్ పైపులు, రేడియేటర్, గేర్ లీవర్, సైలెన్సర్ ముందే విడిపోయి ఉన్నాయి. మిగిలినవి సబ్‌ఫ్రేమ్ బోల్టులు, డ్యాంపర్ పై కొసలు. ఈ కారులో స్ప్రింగు డ్యాంపర్ చుట్టూ ఒకే గుత్తిగా ఉంటుంది. బాడీ నుంచి విడదీయడానికి పక్కనున్న రెండు చిన్న నట్టులు మాత్రమే విప్పాలి. నడిమధ్య నట్టు ముట్టుకుంటే నొక్కుకుని ఉన్న స్ప్రింగు ఒక్కసారిగా బయటికి ఎగురుతుంది. ఆ మధ్య నట్టుల మీద ఎర్ర టేపు చుట్టి, ఎవరూ పానా పెట్టకుండా చూశాను.

ఇంజిన్ కింద, డిఫరెన్షియల్ కింద, గేర్ బాక్స్ తోక కింద చెక్క దుంగలు పేర్చాం. పవర్ ప్లాంట్ ఫ్రేమ్‌ను విప్పలేదు. అది బిగించి ఉన్నంతకాలం ఇంజిన్ నుంచి వెనక ఇరుసు దాకా ఒకే వెన్నెముక. పైనుంచి చైన్ బ్లాక్‌తో బాడీని కొద్దికొద్దిగా లేపుతూ, ప్రతి జానెడుకీ ఆగి చుట్టూ తిరిగి చూశాం. చివర్లో ఒక ఎర్త్ పట్టీ లాగుతూ కనిపించింది, విప్పాం. ఆ తర్వాత బాడీ గాల్లోకి లేచింది, కింద నాలుగు చక్రాలతో కారు సగం మిగిలింది.

తూకం

బయటికి వచ్చిన ప్రతి వస్తువునూ వేలాడదీసే కాటా మీద తూచి పుస్తకంలో రాశాం. బరువు పక్కన మరో రెండు గళ్ళు పెట్టాం: ముందు ఇరుసు నుంచి ఎంత దూరం, నేలనుంచి ఎంత ఎత్తు. ఉత్త బరువు చూస్తే సీటులోని కిలో, పాప్-అప్ హెడ్‌లైటు మోటారులోని కిలో ఒకేలా కనిపిస్తాయి. కారు తిరిగేటప్పుడు మాత్రం అవి ఒకటి కావు. మలుపులో కారు దిశ మారడానికి అడ్డుపడే జడత్వం దూరం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కారు బరువు కేంద్రానికి రెండు మీటర్ల దూరంలో ఉన్న 5 కిలోలు, మీటరు దూరంలో ఉన్న 20 కిలోలకు సమానం. ముందు బంపర్, దాని వెనక దూలం, లేచి పడుకునే లైట్ల మోటార్లు, వెనక బంపర్ పోవడం వల్ల వచ్చే లాభం కాటా చూపించే దానికంటే ఎక్కువ. ఈ గళ్ళున్న పుస్తకం వల్ల కొత్త ఫ్రేమ్‌లో బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు ఎక్కడ పెట్టాలో లెక్కవేసి చెప్పగలిగాం.

ఫ్రేమ్ ఇప్పుడు ఏ దశలో ఉందంటే

ప్లైవుడ్ మీది గుర్తుల నుంచి ఉక్కు జిగ్ కట్టి, సబ్‌ఫ్రేమ్ మౌంటు బుడిపెలు ముందు జిగ్‌కి బిగించి, తర్వాతే గొట్టాలు పేర్చి టాక్ వెల్డ్‌లు (తాత్కాలికంగా పట్టి ఉంచే చుక్క అతుకులు) వేశాం. స్టీరింగ్ ర్యాక్ ముందు సబ్‌ఫ్రేమ్ మీదే ఉంటుంది కాబట్టి ఆర్మ్‌లకీ ర్యాక్‌కీ మధ్య కంపెనీ జ్యామితి చెక్కుచెదరలేదు. మా ఫ్రేమ్ చెడగొట్టగలిగేవి రెండు సబ్‌ఫ్రేమ్‌ల మధ్య వరుస, డ్యాంపర్ పై కొసల స్థానం. వాటి కొలతలు మాత్రం మూడుసార్లు సరిచూశాం. పూర్తి వెల్డింగ్‌కి ముందు సబ్‌ఫ్రేమ్ బోల్టులన్నీ వేళ్ళతోనే దారి పట్టి దూరాయి, ఎక్కడా సుత్తి అవసరం పడలేదు. వెల్డింగ్ ఒక మూల కొంచెం, ఎదురు మూల కొంచెం చొప్పున సాగుతోంది. ప్రతి విడత చల్లారాక కర్ణాలు కొలుస్తున్నాం.

బరువు ఇంత తగ్గాక పాత స్ప్రింగులు ఈ కారును మరీ ఎత్తులో నిలబెడతాయి, ఆర్మ్‌లు కిందికి వాలిపోతాయి. డ్రైవర్ సీటులో కూర్చుని, ట్యాంకు సగం నిండి ఉండగా నాలుగు చక్రాల కిందా కాటాలు పెట్టి మూలమూలకూ బరువు తీశాకే కొత్త స్ప్రింగులు ఎంత గట్టిగా ఉండాలో నిర్ణయిస్తాం. అందాకా స్ప్రింగులు కొనవద్దని యజమానికి చెప్పాను.